ఎన్ని కావాలి? – పేరు వేయించిన జ్ఞాపికల చరిత్ర

స్వర్ణోత్సవం అనుకోగానే ఏ పూర్వ విద్యార్థుల సంఘంలోనైనా మొదట వచ్చే చర్చల్లో జ్ఞాపిక ఒకటి. చొక్కానా, కప్పా, సంచీనా, బ్యాడ్జీనా? ఏది తేల్చుకుని వెళ్ళినా దుకాణదారు అడిగే మొదటి మాట ఒకటే: “ఎన్ని కావాలి?” ఒకప్పుడు ఈ ప్రశ్నకు కనీసం వంద అని చెప్పగలిగితేనే పని జరిగేది. ఇప్పుడు ఒక్కటి చాలన్నా చేసిపెడుతున్నారు. ఈ మార్పు ఎలా వచ్చిందో, అది మనలాంటి సంఘాలకు ఏమి తెచ్చిపెట్టిందో ఒకసారి చూద్దాం.

వస్తువు మీద పేరు వేయించుకోవడం మనకు కొత్త కాదు. పెళ్ళికి ఇచ్చే ఇత్తడి బిందె మీద, స్టీలు గిన్నె మీద ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. పాత్రల కొట్టు ముందు కూర్చున్న మనిషి ఒక్క చెంబైనా సరే, కాదనకుండా చెక్కి ఇచ్చేవాడు. ఎందుకంటే ఆ పనికి ముందస్తు ఖర్చు లేదు. ఉలి, సుత్తి, అక్షరాలు తెలిసిన చేయి ఉంటే చాలు. అయితే చేత్తో చెక్కిన రెండు పేర్లు అచ్చంగా ఒక్కలా ఉండవు. పేరుకు అది ఫరవాలేదు గాని, సంస్థ చిహ్నానికి పనికిరాదు. చిహ్నం అన్నాక ప్రతిచోటా ఒకేలా ఉండాలి.

అలా ఒకేలా రావాలంటే అచ్చు కావాలి. మచిలీపట్నం అద్దకం పనివారికి ఇది బాగా తెలుసు. టేకు చెక్క మీద నమూనా చెక్కి, రంగుకొక అచ్చు చొప్పున తయారు చేసుకుని, గుడ్డ మీద అద్దుతారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం చేరింది. ఆ శతాబ్దంలో ఐరోపా వర్తకులు తమ దేశంలో చెల్లే నమూనాలు పంపి, ఇక్కడ బట్టలు చేయించుకున్నారు. కొనేవాడు కోరిన బొమ్మతో సరుకు చేయించడం మన తీరంలో అంత పాతది. అయితే అచ్చు చెక్కడానికి రోజులు పడుతుంది. నాలుగు గజాల గుడ్డ కోసం ఎవరూ అచ్చు చెక్కించరు.

లోహపు బ్యాడ్జీదీ ఇదే లెక్క. అమెరికాలో 1896 అధ్యక్ష ఎన్నికల నాటికి, కాగితం మీద అచ్చేసిన బొమ్మకు సెల్యులాయిడ్ పొర కప్పి వెనక పిన్ను పెట్టిన బొత్తాలు వచ్చాయి. చవక కాబట్టి అవి ఊరంతా పంచడానికి పనికొచ్చాయి. అచ్చుపోసిన బడి బ్యాడ్జీలకు మాత్రం ముందు ‘డై’ చేయించక తప్పదు.

చొక్కాల దగ్గరికి వస్తే, 1942 జూలై 13 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రం మీద ఒక అమెరికన్ సైనికుడు ఉన్నాడు. అతని బనియను మీద ఉన్నది వైమానిక దళపు గన్నరీ స్కూలు పేరు. అక్షరాలు వేసిన టీషర్టుకు బాగా ప్రచారం తెచ్చిన తొలి చిత్రాల్లో ఒకదాని మీద ఉన్నది బడి పేరే కావడం మనకు ముచ్చటైన సంగతి.

మన పట్టణాల్లో ఈ పనికి చాలాకాలం ఆధారం స్క్రీన్ ప్రింటింగు. చెక్క చట్రానికి సన్నని జాలీగుడ్డ బిగించి, బొమ్మ ఉన్నచోట తప్ప మిగతాదంతా మూసి, రబ్బరు పలకతో రంగు లాగుతారు. రంగుకొక స్క్రీను కావాలి. ఉదాహరణకు స్క్రీనుకు 400 రూపాయలనుకుందాం. మూడు రంగుల చిహ్నానికి 1,200 అవుతుంది. వంద చొక్కాలైతే ఒక్కోదానికి పడేది 12 రూపాయలు. పదైతే 120. ఒక్కటే అయితే మొత్తం 1,200 దాని మీదే పడుతుంది. “వందకు తక్కువ చేయమండీ” అన్న మాట వెనక ఉన్నది బెట్టు కాదు, ఈ లెక్కే.

ఆ లెక్క సంఘాలను రెండు రకాలుగా నడిపించింది. వంద నిండాలంటే ఊరూరా ఉన్నవారికి ఉత్తరాలు రాయాలి, ఇంటింటికీ తిరగాలి, ముందుగా డబ్బు వసూలు చేయాలి. ఆ తిరుగుడులోనే తెగిపోయిన పరిచయాలు మళ్ళీ కలిసేవి. మరోవైపు, అమ్ముడుపోని సరుకు పెట్టెల్లో మిగిలిపోయేది. సంవత్సరం అచ్చేసిన చొక్కాను మరుసటి ఏడాది ఎవరు కొంటారు?

ఈ కనీస సంఖ్యను పడగొట్టింది కంప్యూటరు. బొమ్మ ఫైలుగా మారాక అచ్చు చెక్కే పని లేకుండా పోయింది. ప్రత్యేక కాగితం మీద ముద్రించిన రంగును దాదాపు 200 డిగ్రీల వేడితో కప్పు మీది పూతలోకి ఎక్కించే సబ్లిమేషన్ పద్ధతి వచ్చింది. నూలు చొక్కా మీదే నేరుగా ముద్రించే యంత్రాలు వచ్చాయి. 1995లో పారిస్‌లో మొదలైన విస్టాప్రింట్ ఎందరివో చిన్న ఆర్డర్లను ఒకే షీటు మీద కలిపి అచ్చేసింది. 1999లో కాలిఫోర్నియాలో మొదలైన కేఫ్‌ప్రెస్ ఆర్డరు వచ్చాకే ఒక్కొక్కటి తయారు చేసి పంపింది. అయితే ఈ పద్ధతుల్లో సంఖ్య పెరిగినా ఒక్కోదాని ధర స్క్రీనులో తగ్గినంతగా తగ్గదు. అందుకే వందలు కావాలంటే నేటికీ స్క్రీనే చవక. సబ్లిమేషన్ కూడా పాలిస్టరు మీదే నిలుస్తుంది, నూలు గుడ్డ మీద నిలవదు.

ఈ మార్పు వల్ల ఎక్కువ మేలు జరిగింది చిన్న బ్యాచిలకు. ఏ సంఘంలోనైనా తొలి బ్యాచిల సంఖ్య ఏటా తగ్గుతుందే గాని పెరగదు. పదకొండు మంది మిగిలిన బ్యాచి వంద చొక్కాలు చేయించలేదు. ఇప్పుడు పదకొండే చేయించుకోవచ్చు. పదవీ విరమణ చేసిన మాస్టారికి ఆయన పేరుతో, ఆయన చెప్పిన పాఠం గుర్తుగా ఒక్క కప్పు చేయించి ఇవ్వవచ్చు.

చిక్కు మరోచోట ఉంది. అప్పట్లో ఖర్చుకు భయపడైనా అందరూ ఒకే అచ్చు వాడుకునేవారు. ఇప్పుడు ప్రతి బ్యాచీ ఫోనులో దొరికిన మసక బొమ్మ పంపి విడిగా చేయించుకుంటే, దీపం ఒకచోట ఎడమకు, ఒకచోట కుడికి తిరుగుతుంది. నీలం ఒకచోట ఊదా అవుతుంది. సూక్తిలో ఒత్తులు ఎగిరిపోతాయి. పదేళ్ళకు అసలు చిహ్నం ఏదో చెప్పేవారు ఉండరు.

కాబట్టి సంఘాలు చేయవలసిన పని చిన్నదే. ఎంత పెంచినా చెదరని వెక్టర్ రూపంలో చిహ్నాన్ని ఒక్కసారి సరిగా గీయించాలి. రంగులకు పాంటోన్ సంఖ్యలు రాసి పెట్టాలి. సూక్తిని తెలుగు మాస్టారి చేత దిద్దించి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి సంఘంలో భద్రపరచాలి. ఆర్డరు ఎవరు ఇచ్చినా అక్కడినుంచే తీసుకోవాలి. ఇక వంద కోసం ఇల్లిల్లూ తిరగనక్కరలేదు గాని, ఆ తిరుగుడు మానకపోవడమే మంచిది. చొక్కా కొనలేనివారి గుమ్మం కూడా ఆ దారిలోనే తగిలేది.