పుస్తకాల బీరువా వెనక ఇల్లు

ముందు అంగడి, వెనక కాపురం ఉండే పాత ఇళ్లు మన పేటల్లో చూసే ఉంటారు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువగట్టు ఇళ్లూ అలాంటివే. వీధివైపు సన్నంగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. కొన్నిటికి వెనక ఇంకో ఇల్లు అతుక్కుని ఉంటుంది. ప్రిన్సెన్‌గ్రాహ్ట్ 263 కూడా అంతే. అక్కడ ఒట్టో ఫ్రాంక్ గారి ఆఫీసు. జామ్ గట్టిపడడానికి వేసే పెక్టిన్, మసాలా దినుసులు వాళ్ల వ్యాపారం.

నాజీలు యూదుల్ని పట్టుకుపోతుంటే, 1942 జూలైలో ఆయన కుటుంబం ఆ వెనక గదుల్లో దాక్కుంది. తర్వాత వచ్చినవాళ్లతో కలిపి 8 మంది. చిన్నకూతురు ఆన్ డైరీలో చాలాభాగం రాసింది అక్కడే. దారి కనపడకుండా కదిలే పుస్తకాల బీరువా చేసింది గిడ్డంగి చూసుకునే యోహాన్ వోస్కౌల్.

టెస్టింగ్ పనిలో ఉన్నందుకేమో, ఈ ఏర్పాటు ఎక్కడ తెగిపోవచ్చా అని చూస్తాను. కింద గిడ్డంగిలో పనివాళ్లందరికీ సంగతి తెలీదు. అందుకే పగలు పైన మెల్లగా నడవాలి, కక్కసులో నీళ్లు వదలకూడదు. ఆఫీసులో పనిచేసే మీప్ గీస్, యోహాన్ కూతురు బెప్, క్లైమన్, క్యూగ్లర్ తిండి, పుస్తకాలు, ఊరి కబుర్లు పైకి చేరవేసి, మళ్లీ వచ్చి ఏమీ ఎరగనట్టు తమ బల్లల దగ్గర కూర్చునేవాళ్లు. ఇలా రెండేళ్లకు పైగా.

1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చారు. 8 మందిలో ఒట్టో గారొక్కరే బతికి తిరిగొచ్చారు. క్లైమన్, క్యూగ్లర్‌లనీ శిబిరాలకు పంపారు.

బీరువా దాచింది ఒక తలుపుని. మనుషుల్ని దాచింది రోజూ వేళకి పనికొచ్చిన ఆ ఉద్యోగులు. చివరికి ఆన్ కాగితాలు కూడా మీప్ ఆఫీసు బల్ల సొరుగులోనే భద్రంగా ఉన్నాయి.