స్క్వాడ్ మారితే గేమ్ మారాల్సిందే.. ఆన్‌లైన్ ప్లేయర్లు ఎందుకు జంప్ అవుతారు?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ట్రిప్ కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్‌కి బుకింగ్ ఎప్పుడొస్తుందో తెలియదు. చేతిలో పది నిమిషాలే ఉంటే బీజీఎంఐ క్లాసిక్ మ్యాచ్ మొదలుపెట్టడం కష్టం. వంద మందితో మొదలయ్యే ఆ ఆట చివరిదాకా వెళ్తే దాదాపు అరగంట. ఫ్రీ ఫైర్‌లో 50 మందే, పది పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లోనూ నడుస్తుంది. గేమ్ మారడానికి చాలాసార్లు ఇలాంటి కారణాలే.. గ్రాఫిక్స్ సంగతి ఆ తర్వాత!

ఇంకో పెద్ద కారణం స్క్వాడ్. నలుగురిలో ఇద్దరు వేరే గేమ్‌కి వెళ్లిపోతే మిగిలిన ఇద్దరూ ఎన్నాళ్లని ఒంటరిగా ఆడతారు? నాలుగు రోజులు ఆగి వాళ్లూ వెళ్తారు.

కానీ మన దగ్గర గేమర్లను ఎక్కువగా అటూ ఇటూ తిప్పింది బ్యాన్లే. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌లపై కేంద్రం వేటు వేసింది. 2021 జులైలో అదే గేమ్ బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, జులైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం!

ఇందులో నష్టపోయేది ప్లేయరే. డబ్బు పెట్టి కొన్న స్కిన్స్ ఆ గేమ్‌లోనే ఉండిపోతాయి. ఫ్రీ ఫైర్ నుంచి మ్యాక్స్‌కి జనం ఈజీగా మారింది అందుకే.. పాత ఐడీ, పాత ఐటమ్స్ అక్కడా పనిచేశాయి. పబ్జీ డేటాను బీజీఎంఐకి మార్చుకునే ఛాన్స్ కూడా కొంతకాలం ఇచ్చారు.

డబ్బు పందెం ఆటల కథ వేరు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. బెంగళూరులో ఫ్లైట్ ఎక్కేముందు క్యాష్ గేమ్ ఆడినాయన శంషాబాద్‌లో దిగి అదే యాప్ తెరిస్తే.. లొకేషన్ చూసి ఆపేసేది. 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన చట్టంతో దేశమంతా అదే పరిస్థితి. డ్రీమ్11 సహా పెద్ద యాప్‌లు పెయిడ్ కాంటెస్ట్‌లు ఆపేశాయి.

అసలు రిస్క్ ఆ తర్వాతే. అలవాటు పోనివాళ్లు టెలిగ్రామ్ లింకులతో విదేశీ బెట్టింగ్ సైట్లకు వెళ్తే, గెలిచిన డబ్బు రాకపోయినా అడగడానికి ఇక్కడ ఆఫీసంటూ ఉండదు. ‘ఐడీ అమ్ముతాం, స్కిన్స్ ట్రాన్స్‌ఫర్ చేస్తాం’ అనేవాళ్లకి ఓటీపీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.