నింగి నుండి నేలకు దిగిన ఇంజను

వాల్మీకి రామాయణమునందలి కిష్కింధాకాండమున సంపాతి వృత్తాంతము గలదు. తమ్ముడగు జటాయువును సూర్యతాపమునుండి కాపాడబోయి, ఱెక్కలు కాలిపోగా, ఆ పక్షిరాజు వింధ్యపర్వతముపై గూలెను. ఎగురజాలని ఆ వృద్ధపక్షియే పిమ్మట సీతాదేవి లంకలో నున్న సంగతి వానరులకు దెలిపెను. ఆకసమున దిరుగు శక్తి నశించినను, నేలపై జేయదగిన మహాకార్య మొకటి దానికి మిగిలియుండెను. యంత్రముల చరిత్రలోను ఇట్టి వృత్తాంత మొకటి కలదు.

పాత లారీలో ఇంజను అరిగిపోయినపుడు, వేఱొక బండినుండి విప్పిన ఇంజనును దానికి బిగించుట మోటారు షెడ్లలో నిత్యము జరుగుచుండు పనియే. ఆ పనియే రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనుకు దేశరక్షణ సమస్య యయ్యెను.

దీనికి మూలము మొదటి ప్రపంచ యుద్ధమున గలదు. 1917లో అమెరికా ఆ యుద్ధమున బ్రవేశించినపుడు, జెస్సీ విన్సెంటు, హాల్ అను ఇరువురు ఇంజనీర్లు కొలది దినములలోనే ఒక విమానపు ఇంజనుకు నమూనా గీసి యిచ్చిరి. దాని పేరు లిబర్టీ. 12 సిలిండర్లు, 27 లీటర్ల పరిమాణము, సుమారు 400 అశ్వశక్తి గల ఆ ఇంజనులు 20 వేలకు పైగా తయారయ్యెను. యుద్ధము ముగియగానే వానిలో పెక్కింటికి పని లేకపోయెను. అప్పుడు క్రిస్టీ అను అమెరికను ఇంజనీరు వానిని తన టాంకులలో బిగించెను. 1936లో బ్రిటను క్రిస్టీ టాంకును దెప్పించుకొని, ఆ ఇంజనునే 340 అశ్వశక్తికి దగ్గించి, తన టాంకులకు వాడసాగెను. ఇరువది యేండ్లకు పూర్వపు ఆ యంత్రము ఉత్తరాఫ్రికా యెడారిలో 1941 మొదలు మిక్కిలి బాధపెట్టెను. నీటిపంపులు కారెడివి, పంకాల గొలుసులు తెగెడివి, ఇంజను వేడెక్కి నిలిచిపోయెడిది. శత్రువు ఎదుట నిలిచిపోయిన టాంకు లోనివారికి ఇనుప పెట్టెయే గదా!

1940లో ఫ్రాన్సునుండి వెనుదిరిగిన బ్రిటిషు సైన్యము తన టాంకులలో అధికభాగము నచటనే విడిచివచ్చెను. కొత్త టాంకులకు మంచి ఇంజను కావలసియుండెను. లారీలు చేయు లేలండు సంస్థకు జెందిన హెన్రీ స్పరియరు ఈ విషయమై రోల్సు రాయిసు ఇంజనీరగు రోబోథాముతో సంప్రదించెను. ఆ సంస్థవారి మెర్లిన్ ఇంజను అప్పటికే స్పిట్‌ఫైరు, హరికేను యుద్ధవిమానములను నడుపుచుండెను. మెర్లిన్ అనగా ఒక జాతి డేగ. దానికిని 12 సిలిండర్లే. పరిమాణమును 27 లీటర్లే. లిబర్టీ యున్న చోటనే అది యిముడును. శక్తి మాత్రము మిక్కిలి యెక్కువ.

అయితే చిక్కు వేఱొకచోట నుండెను. లండను నగరముపై బాంబులు పడుచున్న కాలమది. టాంకుకు ఒక మెర్లినును ఇచ్చినచో ఆకసమున ఒక విమానము తక్కువ యగును. నేలపై పోరాడు సైనికుని ప్రాణమా, పైనుండి కాచు వైమానికుని ప్రాణమా యను ప్రశ్న వచ్చెను. దీనికి రోబోథాము బృందము మంచి మార్గము గనుగొనెను. విమానములో వాడు ప్రతి భాగమును కఠినపరీక్షకు నిలువవలెను. రవంత లోపమున్నను దానిని త్రోసివేయుదురు. కూలిన విమానముల ఇంజనులలోను చెడని భాగము లెన్నియో మిగిలియుండును. ఆకసమునకు దగని ఈ భాగములు నేలపై దిరుగు బండికి దగియున్నవి. తొలి టాంకు ఇంజనులలో ఇట్టి భాగములనే పెక్కింటిని వినియోగించిరి.

విమానపు ఇంజనును విప్పి టాంకులో దింపినంతనే పని ముగియలేదు. మీది పలుచని గాలిని కుదించి ఇంజనుకు పంపు సూపర్‌చార్జరును దొలగించిరి. నేలపై గాలికి కొఱత లేదు గదా. తక్కువ రకపు పెట్రోలుతో నడచునట్లు సవరించిరి. టాంకు గేరుపెట్టెకు సరిపడునట్లు ఇంజను దిరుగు దిశనే మార్చిరి. రివ్వున వీచు గాలిలో చల్లబడుటకు అలవడిన యంత్రము ఇనుప గదిలో మూతపడియున్నందున, దానికి రేడియేటర్లను, పంకాలను కొత్తగా అమర్చిరి. 1940లో వేయి అశ్వశక్తికి మించియున్న ఇంజను ఇట్లు 600 అశ్వశక్తికి దిగెను. దిగినను లిబర్టీకంటె అది యెంతయో మిన్న. భారము తగ్గినకొలది ఇంజను దీర్ఘకాలము మన్నినది కూడ.

మంత్రియగు బీవర్‌బ్రూకు ఈ పనికై పది లక్షల పౌండ్ల ఖాతాను దెఱపించెను. ఇంజనుకు మీటియారు, అనగా ఉల్క, అని పేరిడిరి. 1943లో దాని తయారీ రోవరు సంస్థకు సంక్రమించెను. బదులుగా రోవరు చేయుచుండిన జెట్ ఇంజను పని రోల్సు రాయిసుకు వచ్చెను. 1944లో నార్మండీ తీరమున దిగిన క్రాంవెల్ టాంకులు ఈ ఇంజనుతోనే నడచెను. అవి మిక్కిలి వేగము గలవి. కాని వాని ఫిరంగి జర్మనుల పెద్దటాంకులకు చాలినది కాదు. ఇంజను మారినంతమాత్రమున బండికున్న కొఱత లన్నియు దీరవు.

పిమ్మట వచ్చిన సెంచూరియను టాంకుకును మీటియారే గుండెకాయ. ఈ ఇంజనులు కొత్తగా తయారైనవే. నమూనా మాత్రము ఆ పాతదే. సుమారు 50 టన్నుల బరువు గల ఆ టాంకును 650 అశ్వశక్తి లాగెడిది. భారతసైన్యమును ఈ టాంకులను కొనెను. 1965 సెప్టెంబరులో సియాల్‌కోటు రంగమందలి ఫిల్లోరా పోరాటమున పూనా హార్సు దళము సెంచూరియనులతోనే ప్యాటన్ టాంకుల నెదుర్కొనెను. ఆ దళనాయకుడు లెఫ్టినెంటు కర్నలు ఆర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్ తొలుత హైదరాబాదు సంస్థాన సైన్యమున బనిచేసినవాడు. సెప్టెంబరు 16న ఆయన వీరస్వర్గ మలంకరించెను. మరణానంతరము ఆయనకు పరమవీరచక్ర లభించెను.

ఉల్కయొక్క ప్రయాణ మచటితో ముగియలేదు. మీటియారులోని 12 సిలిండర్లలో నాలుగింటిని దగ్గించి, 18 లీటర్ల ఇంజను నొకదానిని రోవరువారు చేసిరి. దానికి మీటియరైటు, అనగా నేల జేరిన ఉల్కాశకలము, అని పేరు. 1950 ప్రాంతమున థార్నిక్రాఫ్టు సంస్థ పశ్చిమాసియా యెడారులలో చమురు గొట్టములను మోయుటకై నిర్మించిన అంతర్ అను మహాలారీలో దీనిని బిగించిరి. సుమారు 250 అశ్వశక్తి గల డీసెలు ఇంజనుగా అది బరువులు మోసెను. పిమ్మట ఆ లారీయే బ్రిటిషు సైన్యమున సెంచూరియను టాంకులను వీపుపై మోసికొని పోయెడిది. మోయునదియు, మోయబడునదియు ఒకే డేగ సంతతివి.

అంతర్ యను పేరు ప్రాచీన అరబ్బు యోధకవిది. దాసికి జన్మించినందున తండ్రి అతనిని కుమారునిగా నంగీకరింపలేదనియు, యుద్ధమున పరాక్రమము జూపిన పిమ్మటనే యంగీకరించెననియు అరబ్బుల గాథ. మన కర్ణుని దలపించు ఈ పేరు, త్రోసివేసిన భాగములతో మొదలైన ఇంజను వంశమునకు మిక్కిలి తగియున్నది.

ఒక వస్తువును పనికిరానిదని లెక్కనుండి కొట్టివేయుటకు ముందు, ఏ పనికి రాదో విచారింపవలెను. విమానమునకు రానిది టాంకుకు వచ్చెను. టాంకుకై సవరించినది లారీకి వచ్చెను. అయితే ఊరక బిగించుటచే గాక, దిశ మార్చి, భారము దగ్గించి, చల్లదనము గల్పించి, కొత్త చోటికి దగినట్లు చేసిన ఓర్పు గల చేతులవలననే అది సాధ్యమయ్యెను.