చూలు నిలవని సముద్రం

ఎన్ని చచ్చినా మళ్ళీ పుట్టేవి. బాల్టిక్ సీల్‌లకు మిగిలిన బలం అదొక్కటే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్వీడన్, ఫిన్లాండ్, ఎస్టోనియా తీరాల మధ్య ఆ ఇరుకు కడలిలో బూడిదరంగు సీల్‌లు దాదాపు లక్ష ఉండేవని అంచనా. చర్మం మీద ఉంగరాల మచ్చలుండే చిన్న జాతివి అంతకు రెట్టింపు. చేపలన్నీ ఇవే మింగేస్తున్నాయని జాలర్లు మొరపెట్టుకున్నారు. ప్రభుత్వాలు చంపిన తలకింత అని రొక్కం కట్టాయి. దశాబ్దాల తరబడి తుపాకులు పేలాయి, మందలు పలచబడ్డాయి. అయినా చలికాలం చివర మంచు మీద తల్లులు ఈనుతూనే ఉన్నాయి. తల్లికి ఏటా ఒకే ఒక పిల్ల. జాతి నిలవాలంటే ఆ ఒక్కదాని మీదే ఆశ.

వేటగాళ్ళు చేయలేని పని తర్వాత వచ్చిన నూనె చేసింది.

బాల్టిక్ పేరుకే సముద్రం. అట్లాంటిక్ నీళ్ళు డెన్మార్క్ దగ్గరి సన్నని జలసంధుల గుండా మాత్రమే వచ్చిపోతాయి. లోపలి నీరు పూర్తిగా మారడానికి దశాబ్దాలు పడుతుంది. అందులో పడ్డది అందులోనే ఉంటుంది. 1966లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త సోరెన్ జెన్‌సెన్ చేపల్లో, గద్దల్లో డీడీటీ కోసం వెతుకుతుంటే గుర్తుతెలియని పదార్థమేదో పదే పదే అడ్డొచ్చింది. తీరా చూస్తే అది పీసీబీ: ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో, రంగుల్లో ప్రపంచమంతా వాడేస్తున్న నూనెలాంటి సరుకు. తన భార్య తలవెంట్రుకల్లో, పసికూతురి వెంట్రుకల్లో కూడా ఆయనకు అదే కనిపించింది. బిడ్డకు తల్లిపాల ద్వారా వచ్చి ఉంటుందని ఆయన ఊహ.

పీసీబీ నీళ్ళలో కరగదు, కొవ్వులో చేరి కూర్చుంటుంది. నాచు నుంచి చిన్న జీవులకు, వాటి నుంచి హెరింగ్ చేపకు, చేప నుంచి సీల్‌కు మెట్టుమెట్టుకూ చిక్కబడుతూ పోతుంది. మనవాళ్ళకు గాదె ఎలాంటిదో సీల్‌కు కొవ్వు అలాంటిది. చలికి అదే కంబళి, ఆకలికి అదే నిల్వ, పిల్లకు అదే పాలు. బూడిదరంగు సీల్ పాలలో సగం దాకా కొవ్వే. మూడు వారాలైనా నిండకముందే పాలు మాన్పించి తల్లి వెళ్ళిపోతుంది. ఆ కొద్ది రోజుల్లోనే తను కూడబెట్టిన విషంలో వాటా పిల్లకు పంచి పోతుంది.

1970ల్లో ఆడ సీల్‌ల కళేబరాలు కోసి చూసినవాళ్ళకు గర్భసంచుల్లో మచ్చకట్టి మూసుకుపోయిన దారులు కనిపించాయి. సీల్ గర్భసంచికి రెండు కొమ్ములు. పిండం లోపలే చచ్చిపోయి, అక్కడ పడ్డ పుండు మానేటప్పుడు కొమ్ము పూడుకుపోయింది. కొన్నిట్లో రెండూ. బోత్నియా అఖాతంలో ఈడొచ్చిన ఉంగరాల సీల్‌లలో మూడో వంతుకు కూడా చూలు నిలవలేదు. దశాబ్దం చివరికి బూడిదరంగువి నాలుగు వేలు, ఉంగరాలవి అయిదు వేలు మిగిలాయి.

నేరం పీసీబీదేనా అన్న ప్రశ్నకు జవాబు వెతికింది నెదర్లాండ్స్‌లో పీటర్ రైండర్స్. పన్నెండు ఆడ సీల్‌లకు కలుషితమైన వాడెన్ సముద్రపు చేపలు, మరో పన్నెండింటికి అట్లాంటిక్ చేపలు పెట్టించాడు. 1986లో ఫలితం అచ్చయింది. అట్లాంటిక్ చేపలు తిన్నవాటికి పది పిల్లలు, వాడెన్ చేపలు తిన్నవాటికి నాలుగు.

గర్భసంచుల కథ లోకమంతా విన్నది. నాకు మాత్రం పేగుల కథే ఎక్కువ బాధగా ఉంటుంది. సీల్ పేగుల్లో ముళ్ళతల పురుగులు ఎప్పటి నుంచో ఉన్నాయి. గోడకు తల గుచ్చుకుని బతుకుతాయి. ఆరోగ్యంగా ఉన్న జంతువు ఆ గాయాన్ని సులువుగా మాన్పుకుంటుంది. బాల్టిక్ బూడిదరంగు సీల్‌లలో అది మానలేదు. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోటికి దగ్గర్లో పుళ్ళు లోతుగా దిగాయి, కొన్నిట్లో గోడ చిల్లుపడింది. ఆ గోడకు ఇవతల కోటానుకోట్ల బ్యాక్టీరియా కాపురముంటుంది. చేపను అరిగించడంలో సాయపడుతుంది, రక్షణ వ్యవస్థకు శత్రువునూ మిత్రుణ్ణీ గుర్తుపట్టడం నేర్పుతుంది. గోడ తెగితే ఆ బ్యాక్టీరియాయే పొట్టలోకి చిమ్మి, చీము పట్టించి చంపుతుంది. మారింది బ్యాక్టీరియా కాదు, గోడ.

ఆ గోడను కాచుకోవలసిన రక్షణ వ్యవస్థ ఏమైనట్టు? స్కాట్లాండ్ తీరం నుంచి తెచ్చిన సీల్ పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అట్లాంటిక్ హెరింగ్, ఇంకో గుంపుకు బాల్టిక్ హెరింగ్ రెండేళ్ళకు పైగా పెట్టిన డచ్ పరిశోధన దానికి సమాధానం చెప్పింది. బాల్టిక్ చేప తిన్నవాటిలో సహజంగా సూక్ష్మజీవులను ఎదిరించే రక్తకణాల శక్తి పడిపోయింది. ఆ చేపలేవో చెత్తకుప్పలోవి కావు. మనుషులు తినడానికని పట్టినవే.

1970ల్లో స్వీడన్ పీసీబీకి కళ్ళెం వేసింది. రొక్కాలు ఆగిపోయాయి, వేటకు అడ్డుకట్ట పడింది. విషం మెల్లగా తగ్గింది, గర్భసంచులు తెరుచుకున్నాయి. పిల్లలు పుడుతున్నాయని ఊపిరి పీల్చుకునే లోపే, 1990ల దాకా చిన్న వయసు బూడిదరంగు సీల్‌లలో పేగు పుళ్ళు పెరుగుతూనే పోయాయి. కొత్తగా వచ్చి చేరిన ఇతర రసాయనాల మీద అనుమానం పడింది.

ఇవాళ బూడిదరంగు సీల్‌లు మళ్ళీ పదివేల లెక్కల్లోకి వచ్చాయి. జాలర్ల ఫిర్యాదు కూడా తిరిగొచ్చింది, వేటకు అనుమతులూ తిరిగొచ్చాయి. విషం మాత్రం పూర్తిగా పోలేదు: బాల్టిక్ హెరింగ్‌ను పిల్లలు, పిల్లల్ని కనే ఈడు స్త్రీలు ఏడాదికి రెండు మూడుసార్లకు మించి తినొద్దని స్వీడన్ ఆహార శాఖ సలహా. ఉంగరాల సీల్‌లలో ఉత్తరాన బోత్నియా అఖాతంలోవి కోలుకున్నాయి. ఫిన్లాండ్ అఖాతంలోవి కోలుకోలేదు. అవి మంచు మీద పేరుకున్న హిమంలో గుహ తొలుచుకుని ఈనాలి. చలికాలాలు వేడెక్కి హిమం నిలవకపోతే పిల్ల బయటే పుట్టి, చలికీ నక్కలకూ చిక్కుతుంది. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ మందలో ఇప్పుడు మిగిలినవి వంద దాకా.