మూడు పెన్నీల పేచీ

పన్నుల బరువు మోయలేకే అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడ్డాయని చాలామంది అనుకుంటారు. లెక్కలు తీస్తే కథ వేరుగా ఉంటుంది. 1764లో బ్రిటిష్ పార్లమెంటు మొలాసిస్ మీద గ్యాలనుకు ఆరు పెన్నీలున్న సుంకాన్ని మూడుకు దించింది. పేచీ అక్కడే మొదలైంది. ఆరు పెన్నీలు కాగితం మీది మాట. రేవులో సుంకం అధికారి చెయ్యి తడిపితే సరుకు దిగిపోయేది. మూడు పెన్నీలు మాత్రం నిజంగానే వసూలు చేస్తామన్నారు.

లండన్ ఇబ్బంది లండన్‌ది. 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధం అప్పును దాదాపు రెట్టింపు చేసింది.

1765లో స్టాంపు చట్టం వచ్చింది. దావా కాగితాలు, దస్తావేజులు, వార్తాపత్రికలు, పంచాంగాలు, ఆఖరికి పేకకట్ట మీద కూడా ముద్ర ఉండాల్సిందే. స్టాంపు కాగితాలకు అలవాటుపడ్డ మనకు ఇందులో వింతేమీ కనిపించదు. వాళ్లకు మాత్రం కంపరమెత్తింది. సొంత శాసనసభలు వేసిన పన్నులు వాళ్లు కడుతూనే ఉన్నారు. తాము ఒక్క సభ్యుణ్ణీ పంపని పార్లమెంటుకు ఆ హక్కెక్కడిదన్నదే ప్రశ్న. ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపుల పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మ ఎల్మ్ చెట్టుకు వేలాడింది. ఒక్క స్టాంపూ అమ్మకుండానే ఆయన ఆ కొలువుకో దండం పెట్టాడు. అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో సమావేశమయ్యారు.

1766 మార్చిలో చట్టాన్ని రద్దు చేసిన పార్లమెంటు, అదే రోజు వలసల మీద ఏ చట్టమైనా చేసే హక్కు తనదేనని ఇంకో చట్టం చేసింది. పుండు మాన్పుతూనే గిల్లడమంటే ఇదే.

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు పడ్డాయి. వలసలు ఇంగ్లండు సరుకు మానేశాయి, ఇళ్లలో రాట్నాలు తిరిగాయి. 1770లో అన్నీ ఎత్తేసి, పౌనుకు మూడు పెన్నీల టీ సుంకం మాత్రం ఉంచారు. డబ్బు కోసం కాదు, హక్కు నిలుపుకోవడానికి.

ఇక్కడ మనకు తెలిసిన పేరొకటి వస్తుంది. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొగలు పాదుషా నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందిన ఈస్టిండియా కంపెనీకి లండన్ గిడ్డంగుల్లో టీ పేరుకుపోయింది. 1773 చట్టం ఆ టీని నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది. సుంకం కలుపుకున్నా ధర తగ్గింది. అయినా డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడలెక్కిన జనం 342 పెట్టెలు పగలగొట్టి టీని నీళ్లలో గుమ్మరించారు.

ఆ మూడు పెన్నీలను పార్లమెంటు 1778లో వదులుకుంది. అప్పటికి యుద్ధం మొదలై మూడేళ్లు కావస్తోంది.