పుట్టుబలము, సాధనబలము

శ్రీకాకుళ, విజయనగర సీమలలో కండబలమును గూర్చిన విచారణ శాస్త్రగ్రంథములలో గాక తాలింఖానాలలో మొదలైనది. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడు, దండీలు, బస్కీలు, కుస్తీలతో దేహమును మలచుకొని, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నడపి, ఱొమ్ముమీదికి ఏనుగు నెక్కించుకొని, ఊపిరి బిగబట్టి గొలుసులను తెంచి, కలియుగ భీముడని ప్రసిద్ధి కెక్కెను. ఆ బిరుదమునందే బలము పుట్టుకతో వచ్చునన్న విశ్వాసము కలదు. ఆయన మాత్రము ప్రాణాయామమును, నియమితాహారమును నమ్మెను.

పాశ్చాత్య దేశములలో, బలము పుట్టుకదా సాధనదా అను ఈ ప్రశ్న వేరొక త్రోవను పట్టినది. ఎఱ్ఱని కండరములు మెల్లగను, తెల్లనివి వడిగను ముడుచుకొనునని 1873లో రాన్వియే అను శాస్త్రజ్ఞుడు చూపెను. 1962లో బెర్గ్‌స్ట్రోమ్ బ్రతికియున్న మనుష్యుని కండరమునుండి సూదితో తునకను తీయు పద్ధతిని ప్రచారమునకు దెచ్చిన పిమ్మట, క్రీడాకారుల కండర తంతువులను నేరుగా పరీక్షించుట సుకరమయ్యెను. సాధన ఆరంభించిన తొలివారములలో పెరుగు బలము చాలవఱకు కండ పెరుగుటవలన గాక, నరములు ఎక్కువ తంతువులను ఒక్కమాఱు పనికి పిలువ నేర్చుటవలన కలుగునని 1979లో మొరితాని, డివ్రీస్ నిరూపించిరి. కండ పెరుగుట ఆ తరువాతి మాట.

ఈ చరిత్రలో శ్రీకాకుళసీమలోని ఆమదాలవలసకు గల స్థానము నాకు మిక్కిలి ప్రియమైనది. ఆ ప్రాంతపు ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, పండ్రెండేండ్ల వయసున నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువు లెత్తుట నేర్చి, 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతయై, 2000 సెప్టెంబరులో సిడ్నీయందు 69 కిలోల తరగతిలో స్నాచ్‌న 110, క్లీన్ అండ్ జర్క్‌న 130, వెరసి 240 కిలోలు ఎత్తి, కాంస్యమును గెలిచి, ఒలింపిక్ పతకమందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. చివరి ప్రయత్నమున ఆమె 137.5 కిలోలకు పూనుకొనెను. అది లేచియున్నచో స్వర్ణమే దక్కియుండెడిది.

ఆమె తోబుట్టువులును బరువు లెత్తినవారే. ఇది వంశగుణమా, ఒకే ఇంటి అభ్యాసమా? ఒకే కప్పుక్రింద రెండును పెనవైచుకొనిన చోట విడదీయుట కష్టము. సిడ్నీ పరిశోధకులే 2003లో ఏసీటీఎన్3 అను జన్యువునకును వడిగల కండరశక్తికిని గల సంబంధమును వెల్లడించిరి. కాని ఆ ఒక్క జన్యువు వివరింపగల తేడా స్వల్పమే. క్లాడ్ బూషార్ నడపిన హెరిటేజ్ పరిశీలనలో ఇరువది వారములపాటు ఒకే సాధన చేసిన కుటుంబములలో కొందఱి ప్రాణవాయు వినియోగశక్తి మిక్కిలిగ పెరుగగా, కొందఱిది పెరుగనే లేదు; ఆ వ్యత్యాసములో ఇంచుమించు సగము ఒకే కుటుంబమువారియందు కానవచ్చు పోలికయే. అనగా సాధనకు స్పందించు గుణములోను పుట్టుకకు పాలు కలదు.

అయినను ఈ లెక్కలన్నియు సాధనకు అవకాశము దొరకినవారిని గూర్చినవే. రామమూర్తినాయుని కాలమునను ఈ సీమ స్త్రీల నెత్తురులో అట్టి జన్యువులు ఉండకపోలేదు. వారి చేతికి ఇనుపకమ్మి నిచ్చినవారే లేరు. మహిళల ప్రపంచ బరువులెత్తు పోటీలు 1987లో గాని మొదలు కాలేదు. మల్లీశ్వరి సాధన ఆరంభించినదియు సుమారుగా ఆ కాలముననే.