మచ్చిక ఎరుగని పిల్లి



మన భాషలో 'అడవి' అనే మాట రెండు పనులు చేస్తున్నది. అడవిలో పుట్టి అక్కడే పెరిగినది అడవిది. ఊరిలో పుట్టినదాని సంతతి మనిషి చేయి దాటిపోయి తనంత తాను బ్రతుకుతుంటే, దానినీ అడవిదే అంటాము. చెట్టుచేమల విషయంలో ఈ కలగలుపు వలన వచ్చే నష్టం స్వల్పం. పిల్లి విషయంలో అలా కాదు. విశేషణం మారితే దాని గతి మారుతుంది. ఒక విశేషణం గల పిల్లికి పాలు పోస్తారు. మరొకటి తగిలిన పిల్లికి విషం పెడతారు. అందుకని ఈ విశేషణాల వెనుక ఉన్న చరిత్రను కొంచెం తీరికగా పరిశీలించాలనిపించింది.

ముందుగా మాటల సంగతి. మార్జారమంటే ఒళ్లు తుడుచుకొనేది. ఆఖుభుక్కు అంటే ఎలుకలను తినేది. అమరకోశంలోని ఈ పేర్లను పర్యాయపదాల పాఠంలో ఎందరో పిల్లల చేత వల్లె వేయించాను. ఇవి పిల్లి అలవాటునూ ఆహారాన్నీ చెబుతాయి గాని, అది మనిషికి ఎంత దగ్గరో, ఎంత దూరమో చెప్పవు. తెలుగులో అడవిపిల్లి, బావురుపిల్లి అనే మాటలున్నాయి. అయితే మన చెరువుల రెల్లుదుబ్బుల్లో, చెరకుతోటల్లో తిరిగే పొడుగుకాళ్ల, పొట్టితోక అడవిపిల్లి వేరే జాతి. దాని పూర్వులెవరూ మన ఇంటి గడప ఎక్కలేదు. ఇంగ్లీషువారు 'ఫెరల్' అనే పిల్లి ఇది కాదు. ఆ ఫెరల్ పిల్లి రక్తానికి అచ్చంగా మన వంటింటి పిల్లికి తోబుట్టువే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

దీనికి సమాధానం పిల్లి మనిషి దగ్గరకు చేరిన తీరులోనే ఉన్నది. సైప్రస్ ద్వీపంలో షిలురోకాంబోస్ అనే చోట సుమారు 9,500 ఏండ్ల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులోని మనిషికి జానెడు దూరం దాటి, మూర లోపలే, ఒక పిల్లి అస్థిపంజరం ఉన్నది. ఈ సంగతిని ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు 2004లో ప్రకటించారు. సైప్రస్‌లో స్వతహాగా పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో తెచ్చి ఉండాలి. 2007లో కార్లోస్ డ్రిస్కల్, ఆయన సహచరులు 979 పిల్లుల జన్యువులను పరీక్షించి, ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల వన్యమార్జాలమే అని తేల్చారు. ఇటీవలి పరిశోధనలు ఉత్తరాఫ్రికాకు మరింత ప్రాధాన్యమిస్తున్నాయి. ఏ గడ్డమీద మొదలైనా కథ ఒక్కటే. మనిషి ధాన్యం నిలవ చేశాడు, గాదెకు ఎలుక వచ్చింది, ఎలుక వెంట పిల్లి వచ్చింది. ఆవుకు వేసినట్లు దానికి ఎవరూ పలుపు వేయలేదు. కాబట్టి దాని ఒడలు పెద్దగా మారలేదు, వేట మరువలేదు. కొత్తగా అబ్బినది ఒక్కటే: చిన్నప్పుడు అలవాటు చేస్తే మనిషిని సహించే గుణం.

ఇక్కడ 'పెంపుడు', 'మచ్చిక' అనే రెండు మాటలను విడదీసి చూడాలి. పెంపుడు అనేది జాతికి చెందిన గుణం, వేల ఏండ్ల చరిత్ర. మచ్చిక అనేది ఒక్కొక్క జీవికి చెందిన గుణం, ఆ ఒక్క బ్రతుకు చరిత్ర. ఏనుగును చూడండి. వేల ఏండ్లుగా మావటి మాట వింటున్నా అది పెంపుడు జాతి కాలేదు. చాలావరకు తరతరానికీ అడవినుంచి పట్టి తెచ్చి మచ్చిక చేసినదే. అంటే ఏనుగు మచ్చిక అయినది గాని పెంపుడుది కాదు. ఫెరల్ పిల్లి దీనికి సరిగ్గా తలక్రిందులు. అది పెంపుడు జాతిదే గాని మచ్చిక కాలేదు.

పిల్లికి ఈ మచ్చిక ఎప్పుడు అబ్బుతుందో 1980లలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐలీన్ కార్ష్ పరిశీలించారు. కూన పుట్టిన రెండవ వారం నుంచి ఏడవ వారం దాకా మనిషి చేతిలో పెట్టుకొని నిమిరితే అది జన్మంతా మనిషిని నమ్ముతుంది. ఆ అదను దాటితే నమ్మించడం కష్టం. నెలలు గడిచిన కొద్దీ దాదాపు అసాధ్యం. విత్తనానికి అదను ఎట్లాగో మచ్చికకూ అట్లాగే. పదివేల ఏండ్ల సహవాసమూ ప్రతి కూన విషయంలోనూ ఆ కొద్ది వారాల మీదనే నిలిచి ఉన్నది.

దీనిని పట్టుకొంటే నాలుగు పేర్లూ తేటపడతాయి. యజమాని ఉన్నది ఇంటి పిల్లి. ఇల్లు తప్పిపోయినదో, యజమాని వదిలివేసినదో అయితే వీధి పిల్లి. దానికి ఇల్లు లేదు గాని మనిషి తెలుసు. మచ్చిక పిల్లి అన్నది యాజమాన్యానికి సంబంధించిన మాట కాదు; వీధిలోనిదైనా పిలిస్తే వచ్చేది మచ్చికదే. ఇక ఆ వీధి పిల్లి ఏ చూరు మీదనో ఈనగా, అదను లోపల మనిషి చేయి సోకని కూనలే ఫెరల్ పిల్లులు. వాటి తల్లి నిన్నటి దాకా ఎవరి ఒడిలోనో పడుకొని ఉండవచ్చును. ఒక్క తరం చాలు.

ఈ భేదాన్ని మరచిపోతే చరిత్ర ఎంత తప్పుగా వ్రాయబడుతుందో చెప్పడానికి న్యూజీలాండులోని స్టీఫెన్స్ ద్వీపం మంచి సాక్ష్యం. కుక్ జలసంధిలో సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల ద్వీపమది. 1894 జనవరిలో అక్కడ దీపస్తంభం వెలిగింది. అక్కడి సిబ్బందిలో డేవిడ్ లయల్ అనే ఆయనకు పిల్లి పట్టి తెచ్చిన చిన్న పక్షులు కొన్ని లభించాయి. అది ఎగరలేని పిట్ట. రాళ్ల సందులలో ఎలుకలాగా పరుగెత్తేది. లయల్ నమూనాలను పంపగా, ఇంగ్లండులో వాల్టర్ రోత్‌షీల్డ్ ఆ ఏడాదే దానికి లయల్ పేరు కలిపి శాస్త్రీయ నామం పెట్టాడు. 1895 నాటికే ఆ పక్షి అంతరించిందని వార్తాపత్రికలో వచ్చింది.

తరువాతి కాలంలో ఒక కథ పుట్టింది. టిబుల్స్ అనే ఒకే ఒక ఇంటి పిల్లి ఆ జాతినంతటినీ కనిపెట్టి, అంతం కూడా చేసిందని. కథ చమత్కారంగా ఉండడం వలన పుస్తకాలకెక్కింది. 2004లో రాస్ గాల్‌బ్రెత్, డెరెక్ బ్రౌన్ అనే ఇద్దరు పాత ఉత్తరాలనూ మ్యూజియం నమూనాలనూ తిరగవేసి చూస్తే సంగతి వేరుగా తేలింది. 1894లో ద్వీపానికి చేరిన పిల్లి చూలుతో ఉండి తప్పించుకొన్నదనీ, దాని సంతతి పొదల్లో పెరిగి విస్తరించిందనీ అనుకోవడానికి ఆధారాలు కనబడ్డాయి. 1890ల చివరలో దీపస్తంభం అధికారి వందకు పైగా పిల్లులను కాల్చవలసివచ్చింది. ద్వీపం మీద పిల్లుల పీడ పూర్తిగా విరగడ అయినది 1925లో. ఒక జాతిని రూపుమాపింది ఒడిలోని పిల్లి కాదు. ఒడి ఎరుగని దాని మనుమలు, మునిమనుమలు. ఒక్క పిల్లి మీద నింద వేసే కథ వినడానికి బాగుంటుంది. పిల్లిని దించి, దాని కూనల సంగతి పట్టించుకోని మనుష్యులు ఆ కథలో కనబడకుండా పోతారు.

స్టీఫెన్స్ ద్వీపంలో లెక్కలు అరకొరవి. హిందూ మహాసముద్రపు దక్షిణపు కొసన, దక్షిణాఫ్రికా అధీనంలోని మారియన్ ద్వీపంలో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. అక్కడి వాతావరణ కేంద్రంలో చిట్టెలుకల బాధ ఉండేది. ఆ ఎలుకలు పందొమ్మిదవ శతాబ్దపు సీలు వేటగాళ్ల ఓడలలో వచ్చినవి. వాటికోసం 1949లో ఐదు పిల్లులను దించారు. 1977 నాటికి అవి సుమారు 3,400 అయినవి. బొరియలలో గూడు పెట్టే పెట్రెల్ పక్షులను ఏడాదికి నాలుగున్నర లక్షల దాకా తింటున్నాయని 1970ల అంచనా. నేలమీద వేటాడే జంతువు ఉంటుందనే సంగతే ఆ పక్షుల పూర్వులు ఎరుగరు. పిల్లికి చెలగాటం అనడానికి కూడా వీలు లేదు. అది పిల్లికి కడుపుకూడు.

1977లో పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా వైరస్‌ను ద్వీపంలో వదిలారు. 1982 నాటికి సుమారు ఆరువందలు మిగిలాయి. అవి రోగానికి తట్టుకొన్నవి. 1986 నుంచి రాత్రిపూట దీపాలతో, తుపాకులతో వేటాడారు. పిదప బోనులు, విషపు ఎరలు పెట్టారు. 1991లో చివరి పిల్లి పోయింది. ఐదు పిల్లులను దించడానికి ఒక్క పూట పట్టి ఉంటుంది. వాటి సంతతిని తొలగించడానికి 14 ఏండ్లు పట్టింది. అంతటితో కథ ముగియలేదు. పిల్లులు పోయినా ఎలుకలు ఉండిపోయాయి. 2003లో ఆల్బట్రాస్ కూనలను, 2023లో పెద్ద పక్షులను సైతం అవి కొరికి తింటున్నట్లు గమనించారు.

ఈ పిల్లులను చంపడం న్యాయమా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఆ లక్షల పక్షుల తరఫున కూడా ఎవరో ఒకరు అడగాలి కదా. నడిసముద్రపు రాతిగడ్డ మీద మనిషిని ఎరుగని మూడు వేల పిల్లులకు ఇండ్లు చూపడం ఎవరి తరమూ కాదు. 1949లోనే ఆ ఐదింటికి సంతానం కలగకుండా చేసి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. పాపం ఎక్కడ మొదలైందో తెలిస్తే న్యాయాన్యాయ చర్చ కొంత సులువవుతుంది.

స్కాట్లండులో వ్యవహారం మరొక రకం. అక్కడ నిజమైన వన్యమార్జాలం ఉన్నది. దానికి చట్టరక్షణ ఉన్నది. దాని అంతానికి వచ్చిన ముప్పులలో ముఖ్యమైనది ఇంటి పిల్లులతో, ఫెరల్ పిల్లులతో సాంకర్యం. దుబ్బుగా, మొండిగా ఉండి, నల్లని కట్లు గల తోక అసలైన వన్యమార్జాలానికి గుర్తు. వెన్నుమీది చార తోక మొదట్లోనే ఆగిపోవాలి. తోకలోకి సాగితే సాంకర్యమని అనుమానం. అక్కడి వన్యమార్జాలాలు తమంత తాము నిలదొక్కుకోలేనంతగా క్షీణించాయని 2019లో నిపుణులు తేల్చగా, 2023లో పెంచిన వాటిని కెయిర్న్‌గోర్మ్స్ కొండల్లో వదిలారు. అంటే 'అడవి' అనే ఒకే మాట కింద రక్షింపవలసిన పిల్లీ ఉన్నది, దానికి ముప్పు తెచ్చే పిల్లీ ఉన్నది.

ఆస్ట్రేలియాలో ఈ విభజన ప్రభుత్వ విధానమే అయింది. 1788లో మొదలైన తెల్లవారి వలసతో పిల్లులు అక్కడికి చేరాయి. పందొమ్మిదవ శతాబ్దం చివర కుందేళ్లను తగ్గించడానికని కొన్నిచోట్ల పనిగట్టుకొని వదిలారు. వానలను బట్టి వాటి సంఖ్య 21 లక్షల నుంచి 63 లక్షల దాకా మారుతుంటుందని 2017లో ప్రచురితమైన అంచనా. 2020 లోపల 20 లక్షల ఫెరల్ పిల్లులను చంపాలని 2015లో ప్రభుత్వం సంకల్పించింది. ఇంటి పిల్లి, వీధి పిల్లి, ఫెరల్ పిల్లి అని వేర్వేరు వర్గాలు చేసి, మూడవదానికే ఈ శిక్ష విధించారు. ఒకే పిల్లి ఒక వర్గం నుంచి మరొక వర్గంలోకి జారిపోవచ్చునని వారూ ఒప్పుకొన్నారు.

ఇదంతా దూరదేశాల గొడవ అనుకోనక్కరలేదు. మన చేపల సంతలో, హోటలు పెరట్లో కనబడే పిల్లులను కూడా ఒకే గాటన కట్టకూడదు. తోక నిటారుగా ఎత్తి, మన కళ్లలోకి చూసి, 'మ్యావ్' అని పలుకరించేది మనిషిని ఎరిగినది. ఎదిగిన పిల్లులు తమలో తాము ఆ పలుకు పలకడం అరుదు. అది కూన తల్లితోనూ, పిల్లి మనిషితోనూ మాట్లాడే భాష. మచ్చిక ఎరుగని పిల్లి మనతో పలుకదు. ఒళ్లు నేలకు అదిమి, గోడ వెంబడి జారుకొంటుంది; బోనులో పడితే మూలకు ఒదిగి బిగుసుకొనిపోతుంది. అయితే తప్పిపోయిన ఇంటి పిల్లి కూడా బెదురులో ఇలాగే ప్రవర్తిస్తుంది. అందుచేత ఒక్కరోజు చూసి తీర్పు చెప్పరాదు. కొన్నాళ్లు తిండి పెట్టి గమనించాలి.

పేరు తెలిస్తే చేయవలసిన పనీ తెలుస్తుంది. తప్పిపోయినదానికి ఇల్లు వెతకాలి. ఏడెనిమిది వారాల లోపు కూన అయితే చేరదీసి మచ్చిక చేయాలి. ఎదిగిన ఫెరల్ పిల్లిని ఇంట్లో బంధించడం దానికి చెర. పట్టణాలలో దానికి సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, పట్టిన చోటనే వదలడం అనేక దేశాలలో వాడుకలో ఉన్న పద్ధతి. అరుదైన పక్షులున్న ద్వీపానికి ఆ పద్ధతి పనికిరాదు. అన్నిటికీ ఒకే మందు ఇస్తే ఒకచోట పిల్లికి, మరొకచోట పిట్టకు అన్యాయం జరుగుతుంది.

ఇక ఈ ఫెరల్ పిల్లిని తెలుగులో ఏమనాలి? అడవిపిల్లి అనరాదని పైన చూశాము. 'మచ్చిక తప్పిన పిల్లి' అందామంటే, ఒకప్పుడు మచ్చిక ఉండి పోయినదన్న అర్థం వస్తుంది. అది దాని తల్లికో అమ్మమ్మకో వర్తిస్తుంది గాని దీనికి కాదు. 'మచ్చిక ఎరుగని పిల్లి' అనడం నాకు సమంజసంగా తోచింది. అందులో నింద లేదు. ఎరుగకపోవడం దాని దోషం కాదు. ఎరుక పరచవలసిన రోజుల్లో ఎవరూ దగ్గర లేరన్న సంగతి మాత్రం ఆ మాటలో ఉన్నది.

మీ మీ ప్రాంతాలలో ఇటువంటి పిల్లికి ఇంతకంటే మంచి వాడుకమాట ఉంటే తెలుపగలరు. పల్లెనోట పుట్టిన మాట పండితుడు కట్టిన మాటకంటే ఎప్పుడూ మేలైనదే.

స్వస్తి.